పందిట్లో పురోహితుడున్నాడా?

జిల్లా పేజీ చదివే అలవాటున్నవాళ్ళకు ఈ శీర్షిక కంఠతా వచ్చేసి ఉంటుంది: ‘కోరం లేక సమావేశం వాయిదా’. కింద మండల పరిషత్ హాలు ఫొటో, వరసగా ఖాళీ కుర్చీలు. అపార్ట్‌మెంట్ సంఘాల్లో ఇదే తంతు ఇంకాస్త ముచ్చటగా సాగుతుంది. సమావేశం పదింటికి. వచ్చింది ఏడుగురు. కోరం లేదని కార్యదర్శి అరగంట వాయిదా వేస్తాడు. పదిన్నరకు అదే సెల్లారు, అవే ప్లాస్టిక్ కుర్చీలు, అదే ఏడుగురు. వాయిదాపడ్డ సమావేశానికి వచ్చినవాళ్ళే కోరమని బైలాలో ఉంది కాబట్టి ఇప్పుడు అంతా సక్రమమే. మినిట్స్ పుస్తకంలో సంతకాలు పడిపోతాయి.

ఇలా చూసీ చూసీ, కోరమంటే తలలు లెక్కపెట్టడమేనని మనకు స్థిరపడిపోయింది. సగం దాటారా, పదోవంతు వచ్చారా అనే అడుగుతాం. చిత్రమేమిటంటే, ఆ మాట పుట్టిననాడు అందులో అంకె లేదు. ‘ఆయన వచ్చాడా?’ అన్న ప్రశ్న ఒక్కటే ఉండేది. పెళ్ళిపందిరి నిండా చుట్టాలున్నా పురోహితుడు రాకపోతే ముహూర్తం దాటిపోవాల్సిందే కదా. తొలినాటి కోరం ఆ పురోహితుడే. తర్వాతి శతాబ్దాల్లో ఆ మనిషి అంకెగా మారాడు. చివరికి మన దేశంలో, కరెంటు చార్జీలు తేల్చే కార్యాలయం గుమ్మంలో, ఆ అంకె తిరిగి మనిషైంది. ఆ కథే ఇది.

తోలుకాగితం మీది మాట

1361లో ఇంగ్లండ్ ఒక చట్టం చేసింది. ప్రతి కౌంటీలో శాంతిభద్రతలు చూడ్డానికి ఒక ప్రభువునూ, ఆయనతో ముగ్గురు నలుగురు పెద్దమనుషులనూ, చట్టం తెలిసిన కొందరినీ నియమించమన్నది దాని సారాంశం. పెద్దమనుషులంటే చాలావరకు భూస్వాములే. పంట తెలుసు, వేట తెలుసు, కౌలుదారు ఎక్కడ ఎగ్గొడతాడో తెలుసు. తెలియనిదల్లా చట్టం. గట్టు తగాదా తీర్చాలంటే ఆ పెద్దరికం చాలు. మెడకు ఉరితాడు పడే నేరం ముందుకొస్తే మాత్రం చాలదు.

అందుకని రాజుగారి పేర జారీ అయ్యే నియామక పత్రంలో ఒక షరతు చేరింది. మీలో కొందరు కలిసి కూర్చుని విచారించవచ్చు. అయితే ఆ కూర్చున్నవారిలో ఫలానా, ఫలానా, ఫలానా పేర్లవారిలో ఒక్కరైనా ఉండి తీరాలి. ఆ ఫలానావాళ్ళే చట్టం చదువుకున్నవాళ్ళు. లాటిన్‌లో ఉండే ఆ షరతుకు మొదటి మాట ‘కోరం’. అర్థం చాలా చిన్నది. సంస్కృతంలో ‘యేషామ్’ అంటామే, అది: ‘ఎవరిలోనైతే’. పద్యాన్ని మొదటి పదంతో గుర్తుపెట్టుకున్నట్టే జనం ఆ షరతుని మొదటి మాటతో పిలిచారు. తర్వాత ఆ పేర్లున్న మనుషులనే ‘కోరం’ అన్నారు. ‘ఆయన ఉత్త న్యాయాధికారి కాదండీ, కోరంలో ఉన్నవాడు’ అనేంతగా అది బిరుదైపోయింది.

బిరుదయ్యాక ఎవరికి మాత్రం చేదు? పలుకుబడి ఉన్న ప్రతివాడూ ఆ జాబితాలో తన పేరు చేర్పించుకున్నాడు. కాలం గడిచేకొద్దీ దాదాపు అందరూ కోరంలోనే ఉన్నారు. అందరూ పురోహితులే అయిన పెళ్ళిలో పురోహితుడి కోసం వెతకడమెందుకు? షరతు అర్థం కోల్పోయింది. మాట మాత్రం మిగిలి, ఊరూరా తిరిగి పార్లమెంటు గుమ్మం తొక్కింది. 1641లో ఇంగ్లండ్ దిగువసభ నలభై మంది లేనిదే పని సాగదని తీర్మానించుకుంది. 1787 నాటి అమెరికా రాజ్యాంగం ఏ సభకైనా సగానికి మించి ఉండాలంది. మన రాజ్యాంగం పార్లమెంటుకు పదోవంతు చాలంది. ‘ఎవరిలోనైతే’ అన్న మాట అలా ‘ఎంతమంది’ అయి కూర్చుంది.

పదిమంది కోసం మూడేళ్ళు

మాట లాటిన్‌దైనా ఆలోచన వాళ్ళొక్కరి సొత్తు కాదు. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో చేసిన ప్రసంగంలో అంబేద్కర్ ఇదే గుర్తుచేశారు. బౌద్ధ భిక్షు సంఘాలకు తీర్మానాలు, ఓట్ల లెక్క, విప్, కోరం అన్నీ తెలుసని, పార్లమెంటు పద్ధతులు ఈ నేలకు కొత్త కావని ఆయన వాదన.

భిక్షువుల నియమావళి అయిన వినయపిటకం తెరిస్తే ఆ లెక్కలు కనిపిస్తాయి. సంఘం పేర మామూలు పనులు జరగాలంటే కనీసం నలుగురు భిక్షువులుండాలి. మన భాషలోనూ ‘నలుగురు’ అంటే లోకమే కదా. కొత్తవాడికి ఉపసంపద, అంటే పూర్తిస్థాయి దీక్ష ఇవ్వాలంటే పదిమంది. పెద్ద తప్పు చేసి ప్రాయశ్చిత్తం ముగించినవాణ్ణి తిరిగి సంఘంలో కలుపుకోవాలంటే ఇరవై మంది. పని బరువును బట్టి కోరం బరువు. సంఖ్య నిండేలా చూసే మనిషికి ‘గణపూరకుడు’ అని పేరు. అలాగని ఎవరినో ఒకరిని తెచ్చి కూర్చోబెడితే కుదరదు. దీక్ష పూర్తికాని శ్రామణేరుణ్ణి నాలుగోవాడిగా లెక్కేసి ఏదైనా పని జరిపిస్తే అసలది జరగనట్టే.

ఈ నియమానికి ఒకసారి చిక్కొచ్చింది. అవంతి దేశంలో సోణుడనే యువకుడు బుద్ధుడి శిష్యుడైన మహాకచ్చాయనుడి దగ్గర దీక్ష కోరాడు. మధ్యదేశానికి దూరంగా ఉన్న ఆ ప్రాంతంలో భిక్షువులే అరుదు. పదిమందిని ఒకచోట చేర్చేసరికి మూడేళ్ళు పట్టింది. తర్వాత సోణుడే బుద్ధుడి దగ్గరికి వెళ్ళి గురువుగారి విన్నపం వినిపించాడు. సరిహద్దు ప్రాంతాల్లో ఐదుగురితో దీక్ష ఇవ్వవచ్చని బుద్ధుడు సడలింపు ఇచ్చాడు. ఇస్తూ ఒక మెలిక పెట్టాడు: ఆ ఐదుగురిలో ఒకడు వినయధరుడై ఉండాలి. అంటే నియమావళి క్షుణ్ణంగా తెలిసినవాడు.

పదిని ఐదుకు తగ్గించినప్పుడు ఆ లోటు పూడ్చింది ఒక మనిషి తెలివిడి. ఇంగ్లండ్ తోలుకాగితం మీది షరతూ ఇదే చెప్పింది. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు. అయినా రెండూ వచ్చి ఆగింది ఒకే మనిషి దగ్గర.

వేదిక మీద మూడు కుర్చీలు

ఇక కరెంటు సంగతి. రైలు, గ్యాసు, కరెంటు కంపెనీల ధరలకు కళ్ళెం వెయ్యడానికి ప్రత్యేక కమిషన్ అన్న పద్ధతి అమెరికా రాష్ట్రాల్లో గట్టిపడింది. 1907లో విస్కాన్సిన్, న్యూయార్క్ రాష్ట్రాలు కరెంటు కంపెనీలను ఇలాంటి కమిషన్ల కిందికి తెచ్చాయి. విస్కాన్సిన్‌లో ముగ్గురు సభ్యులు. ఒక్కడే అయితే వాడి మాటే వేదం. ఇద్దరైతే చెరో దారి పట్టినప్పుడు తేల్చేవాడుండడు. ముగ్గురైతే ఏదో ఒక పక్క మొగ్గక తప్పదు.

మన దగ్గర అప్పటికీ, ఆ తర్వాత చాలాకాలానికీ ఈ ఊసు లేదు. 1959లో ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు కాలమంతా చార్జీ పెంచాలంటే బోర్డు తలచుకోవాలి, ప్రభుత్వం తల ఊపాలి, అంతే. 1990ల్లో బోర్డులు అప్పుల్లో మునిగాక సంస్కరణలు వచ్చాయి. ఒడిశా 1995లో చట్టం చేసి దేశంలో తొలి విద్యుత్ నియంత్రణ మండలి పెట్టింది. మన సంస్కరణ చట్టం 1999 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది. బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. అదే ఏడాది ఈఆర్‌సీ, అంటే విద్యుత్ నియంత్రణ మండలి వచ్చింది. ముగ్గురు సభ్యులు, వారిలో ఒకరు ఛైర్మన్. మరుసటి ఏడే, 2000లో, పెరిగిన చార్జీల మీద ఉద్యమం రగిలి ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. ముగ్గురు చనిపోయారు. చార్జీ అనేది ఫైళ్ళలో తేలిపోయే అంకె కాదని ఆ రోజు రాష్ట్రమంతా చూసింది.

ఇప్పుడు ఈఆర్‌సీ బహిరంగ విచారణకు వెళ్ళి చూడండి. వేదిక మీద తెల్లగుడ్డ పరిచిన పొడవాటి బల్ల, వెనక మూడు కుర్చీలు, ముందు మూడు నేమ్‌ప్లేట్లు. కింద ఒక పక్క డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ అధికారులు ల్యాప్‌టాప్‌లతో, ఇంకో పక్క రైతు సంఘాలవాళ్ళు, ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమలవాళ్ళు, ఏటా తప్పకుండా వచ్చే విశ్రాంత ఇంజినీర్లు. ముందు డిస్కం తన ఏఆర్‌ఆర్, అంటే వచ్చే ఏడాదికి ఎంత ఆదాయం కావాలో చెప్పే లెక్క, చదువుతుంది. తర్వాత ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలుస్తారు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చలేదని ఒకరు, విద్యుత్ కొనుగోలు ఒప్పందం రేటు ఎక్కువైందని ఇంకొకరు, ట్రూఅప్ పేరుతో పాత బాకీ ఇప్పుడెందుకని మరొకరు. మొదటిది ఇంజినీరుకు అర్థమయ్యే బాధ. మూడోది లెక్కల మనిషికి. రెండోదానిలో ఒప్పందం ఉంది, దాని వెనక కోట్ల రూపాయలున్నాయి, అది చివరికి న్యాయవివాదమై తీరుతుంది. ముగ్గురి కళ్ళూ మూడు రకాలుగా చూడగలిగితేనే ఆ బల్లకు అర్థం.

‘మించకుండా’ అన్న మాట

2003 జూన్ 10 నుంచి దేశమంతటికీ ఒకే విద్యుత్ చట్టం. రాష్ట్ర మండలిలో ఛైర్మన్‌తో కలిపి ముగ్గురికి మించకుండా సభ్యులుంటారని 82వ సెక్షన్ చెప్పింది. ‘మించకుండా’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పైన కప్పు ఉంది, కింద నేల లేదు. ఒక్కరున్నా మండలే. హిమాచల్ ప్రదేశ్ ఏళ్ళ తరబడి ఒకే సభ్యుడితో నెట్టుకొచ్చింది.

మరి కోరం? ఎంతో చట్టం చెప్పలేదు. కోరంతో సహా సమావేశ నియమాలన్నీ ఎవరి మండలి వాళ్ళే రాసుకోమని 92వ సెక్షన్ వదిలేసింది. ముగ్గురికి ఇద్దరు కోరమన్నది సాధారణంగా కనిపించే నిబంధన. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది: ఓట్లు సమానమైతే అధ్యక్షత వహించేవారికి అదనపు ఓటు. ముగ్గురూ కూర్చున్నరోజు ఛైర్మన్ ఓడిపోవచ్చు. ఇద్దరే కూర్చున్నరోజు ఛైర్మన్ ఓడిపోవడం సాధ్యం కాదు. రెండోవాడు అవునన్నా కాదన్నా ఆదేశం మారదు. కాగితం మీద ఇద్దరు కనిపిస్తారు, తీర్పు మాత్రం ఒక్కరిదే.

దీనికి తోడు 93వ సెక్షన్: ఖాళీలున్నాయన్న ఒక్క కారణంతో మండలి నిర్ణయాన్ని ఎవరూ ప్రశ్నించకూడదు. ఒక సభ్యుడు కన్నుమూసినా, రాజీనామా ఇచ్చినా రాష్ట్రమంతటి కరెంటు లెక్కలు ఆగిపోకూడదు కదా. అందుకు పెట్టిన గొడుగు. కాకపోతే వాన కోసం పెట్టిన గొడుగును ఎండకీ, మంచుకీ, బద్ధకానికీ కూడా పట్టుకోవచ్చు. ఖాళీ ఉంటే ఏమైందిలే, 93 ఉందిగా అన్న ధీమా పెరగడానికి ఎక్కువ కాలం పట్టదు.

అంకెనే నమ్ముకుంటే ఏమవుతుందో అమెరికా చూసింది. అక్కడ ఐదుగురుండాల్సిన జాతీయ కార్మిక సంబంధాల బోర్డు రెండేళ్ళకు పైగా ఇద్దరితోనే నడిచి దాదాపు 600 కేసులు తేల్చింది. 2010లో వాళ్ళ సుప్రీంకోర్టు, ముగ్గురు లేనిదే ఆ అధికారం లేదు పొమ్మంది. 2017 ఫిబ్రవరిలో అక్కడి కేంద్ర ఇంధన నియంత్రణ సంస్థలో ఒక రాజీనామాతో ముగ్గురు కాస్తా ఇద్దరయ్యారు. ఆగస్టు దాకా పైపులైన్ల అనుమతుల వంటి పెద్ద నిర్ణయాలన్నీ మూలనపడ్డాయి.

పురోహితుడు తిరిగొచ్చాడు

మన దగ్గర గొడవ ఇంకో వైపు నుంచి వచ్చింది. ఇంజినీరింగు, ఆర్థికం, వాణిజ్యం, అర్థశాస్త్రం, న్యాయం, మేనేజ్‌మెంట్, వీటిలో ఏ అనుభవమున్నా సభ్యుడు కావచ్చని 84వ సెక్షన్ చెబుతుంది. హైకోర్టు న్యాయమూర్తిని ఛైర్మన్‌గా పెట్టవచ్చని కూడా అంటుంది. ‘పెట్టవచ్చు’ అంటే పెట్టకపోవచ్చు. దాంతో చాలా రాష్ట్రాల్లో మూడు కుర్చీలూ విశ్రాంత ఐఏఎస్‌లకూ, విద్యుత్ శాఖ ఇంజినీర్లకూ వెళ్ళాయి. కోరం నిండుగా ఉంది. కానీ ఉత్పత్తి కంపెనీలకూ డిస్కంలకూ మధ్య వ్యాజ్యాలు తీర్చే పని కూడా 86వ సెక్షన్ ఈ మండలికే ఇచ్చింది. కోర్టు చెయ్యాల్సిన పని చేస్తున్న బల్ల మీద చట్టం చదివినవాడు ఒక్కడూ లేకపోతే ఎలా?

గుజరాత్ ప్రభుత్వానికీ, యుటిలిటీ యూజర్స్ వెల్ఫేర్ అసోసియేషన్‌కీ మధ్య వ్యాజ్యంలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టుకు చేరింది. 2018 ఏప్రిల్ 12న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది. చలమేశ్వర్ మన కృష్ణా జిల్లావారే. ఛైర్మన్ న్యాయమూర్తే కానక్కర్లేదంది కోర్టు. కానీ మండలిలో ఒక సభ్యుడు మాత్రం న్యాయరంగం నుంచి రావాలి. అతను న్యాయాధికారిగా పనిచేసినవాడైనా, జిల్లా జడ్జి లేదా హైకోర్టు న్యాయమూర్తి పదవికి అర్హతగల అనుభవజ్ఞుడైన న్యాయవాదైనా కావచ్చు. వివాదాలు విచారించే ఏ బెంచిలోనైనా ఆ సభ్యుడు కూర్చోవాల్సిందే.

చివరి వాక్యం ఇంకోసారి చదవండి. ‘వీరిలో చట్టం తెలిసిన ఒకడు తప్పక ఉండాలి.’ 1361 తర్వాత ఇంగ్లండ్ నియామక పత్రాల్లో చేరిన షరతు ఇదే. సోణుడి ఊరికి బుద్ధుడు పంపిన సడలింపులోని మెలికా ఇదే. తీర్పులో కోరం అన్న మాటతో పని పడకపోయినా, ఆ మాట అసలు అర్థం మాత్రం ఇంటికి చేరింది.

తీర్పు కాగితం మీదే ఉండిపోలేదు. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలిలో న్యాయ సభ్యుణ్ణి నియమించకపోవడంతో 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు కన్నెర్రజేసింది. తలల లెక్క సరిపోయినా అక్కడ నెలల తరబడి విచారణలు నిలిచిపోయాయి. 2021లో న్యాయ సభ్యుడు వచ్చాకే బండి కదిలింది. 2022లో తమిళనాడులో చార్జీల పెంపు వేళ ఇదే ప్రశ్న లేచింది. న్యాయ సభ్యుడు లేకుండా తేల్చవద్దని మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఆపితే, డివిజన్ బెంచి ఆ ఆంక్షను తొలగించింది.

తెలుగు నేలకు వస్తే, 2014 విభజనతో ఒక మండలి రెండైంది. 2019లో తెలంగాణ మండలి నెలల తరబడి ఖాళీగా పడి ఉండి, ఆ అక్టోబరు చివర ముగ్గురి కొత్త బృందం వచ్చింది. పదవీకాలం ఐదేళ్ళు. ఒకేసారి వచ్చినవాళ్ళు ఒకేసారి వెళ్ళాలి కదా. 2024 అక్టోబరు చివర ముగ్గురూ దిగిపోయారు. ఆ వెంటనే విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ దేవరాజు నాగార్జున్ ఛైర్మన్‌గా బాధ్యతలు తీసుకున్నారు, ఒక్కరే. 2020 నాటి ఢిల్లీనీ, 2024 నాటి హైదరాబాద్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ తలలున్నాయి, పురోహితుడు లేడు. ఇక్కడ పురోహితుడున్నాడు, పక్కన రెండు పీటలు ఖాళీ. లెక్క చెప్పే మనిషి కుర్చీలో, యంత్రం తెలిసిన మనిషి కుర్చీలో న్యాయం తెలిసినవాడే కూర్చోవాలంటే అదీ నిండు బల్ల కాదు.

ఇదంతా తప్పించలేని విపత్తేమీ కాదు. సభ్యుడు ప్రమాణం చేసిన పూటే అతను ఏ తేదీన దిగిపోతాడో తెలిసిపోతుంది: ఐదేళ్ళు, లేదా అరవై ఐదో పుట్టినరోజు, ఏది ముందైతే అది. ఖాళీ రావడానికి ఆరు నెలల ముందే ఎంపిక కమిటీకి రాయమని 85వ సెక్షన్ చెబుతుంది. కమిటీ మూడు నెలల్లో రెండు పేర్లు ఇవ్వాలి. తర్వాత కూడా ఇంకో మూడు నెలలు చేతిలో ఉంటాయి. అవంతి దారుల్లో కాలినడకన తిరిగి పదిమందిని పోగుచెయ్యడానికి మహాకచ్చాయనుడికి మూడేళ్ళు పట్టిందంటే, పాపం, ఆయనకు దొరికిన భిక్షువులే అరుదు. మనకు కావల్సింది ముగ్గురు. క్యాలెండరు గోడకే వేలాడుతోంది.